తెలుగు అక్షరాలతో ఒక వాన మ్యాపు: నా అనుభవం

జనవరి మూడో వారంలో మా గైడ్ సార్ పిలిచి, ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవానికి ఒక పోస్టరు తయారుచేయమన్నారు. విషయం నా ఇష్టం. షరతు ఒక్కటే: చూడ్డానికి వచ్చేది తార్నాక చుట్టుపక్కల బడి పిల్లలు, వాళ్ల టీచర్లు, బస్తీల జనం. కాబట్టి మ్యాపు మీది అక్షరాలతో సహా అంతా తెలుగులోనే ఉండాలి. నేను 2020 అక్టోబరు 13 నాటి హైదరాబాద్ వాన ఎంచుకున్నాను. మా చిన్నమ్మ వాళ్లది సరూర్‌నగర్ చెరువు కింది కాలనీ. ఆ రాత్రి వాళ్లింట్లో మంచం కోళ్లు మునిగేదాకా నీళ్లొచ్చాయి. ఆ వాన లెక్కలు థీసిస్ కోసం ఎలాగూ చేస్తున్నాను. పోస్టరు చేతికొచ్చేసరికి మాత్రం ఫిబ్రవరి 26 అయింది. మధ్యలో ఎక్కడెక్కడ ఆగిందో, ఎలా కదిలిందో వరసగా రాస్తున్నాను. తెలుగులో గ్రాఫులూ మ్యాపులూ గీయాలనుకునేవాళ్లకి కొంత సమయం కలిసొస్తుందని ఆశ.

డేటా రెండు చోట్ల నుంచి తీసుకున్నాను. ఒకటి భారత వాతావరణ శాఖ పుణె కార్యాలయం ఉచితంగా ఇచ్చే గడుల వర్షపాతం. దేశాన్ని పావు డిగ్రీ గడులుగా విడగొట్టి, 1901 నుంచి రోజువారీ వానని ఏడాదికో ఫైలుగా పెట్టారు. రెండోది యూరప్ వాళ్ల కోపర్నికస్ సైటులో దొరికే ఎరా5, అంటే కొలతలూ మోడలూ కలిపి పాత వాతావరణాన్ని తిరిగి లెక్కగట్టిన డేటా. అందులో గంట గంటకీ లెక్క ఉంటుంది.

వాతావరణ శాఖ జీఆర్‌డీ ఫైలులో ముందుమాటలేమీ ఉండవు, వట్టి అంకెలే. రోజుకి అడ్డంగా 135, నిలువుగా 129 గడులు, గడికో అంకె. అంకెకి నాలుగు బైట్లు. 2020 లీపు సంవత్సరం కాబట్టి 366 రోజులు. అన్నీ గుణిస్తే 2,54,95,560 బైట్లు. ఫైలు దిగగానే దాని సైజు సరిగ్గా ఇంతే ఉందో లేదో చూసుకోండి. నాకు మొదట తక్కువొచ్చింది, హాస్టల్ వైఫై మధ్యలో తెగిపోయి ఉంటుంది. చదివే ప్రోగ్రాం మాత్రం అంకెలు సరిపోవట్లేదని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. సైజు చూసుకున్నాకే కారణం తెలిసింది. ఇంకో సంగతి, సముద్రం మీదా దేశం బయటా ఉన్న గడుల్లో -999 వేసి ఉంటుంది. వాటిని ఖాళీగా లెక్కించమని విడిగా చెప్పాలి. చెప్పకపోతే రంగుల పట్టీ -999 దగ్గర మొదలై, వాన పడ్డ చోటూ పడని చోటూ దాదాపు ఒకే రంగులో కనిపిస్తాయి.

ఎరా5కి ఉచిత ఖాతా చాలు. కానీ ఆ డేటాసెట్ పేజీలోకి వెళ్లి లైసెన్సుకి ఒప్పుకుంటున్నట్టు టిక్ పెట్టాలి. అది పెట్టకుండా ప్రోగ్రాం నుంచి అడిగితే 403, అంటే అనుమతి లేదని తిప్పి పంపేస్తుంది. టిక్ పెట్టాక మన అర్జీ వరసలో నిలబడుతుంది. నేను సాయంత్రం పెట్టింది మర్నాడు పొద్దున మెస్‌లో టిఫిన్ తినే వేళకి సిద్ధమైంది. వానతో పాటు సముద్రమట్టపు పీడనం కూడా అడిగాను, ఆ రోజు పొద్దున కాకినాడ దగ్గర తీరం దాటిన వాయుగుండాన్ని పక్కన చిన్న బొమ్మగా చూపిద్దామని. ఆ రెండూ కలిపి అడగడంతోనే కొత్త చిక్కు వచ్చింది. ఫైలు పేరు చివర నెట్‌సీడీఎఫ్ అనే డేటా ఫైళ్లకుండే డాట్ ఎన్‌సీ అనే ఉంది, తెరవబోతే 'అన్‌నోన్ ఫైల్ ఫార్మాట్' అంటుంది. మళ్లీ అర్జీ పెట్టి మళ్లీ రాత్రంతా ఆగాను, అదే మాట. చివరికి తేలిందేమంటే, ఆ నిమిషానికి కొలిచే పీడనం, గంటసేపు పోగయ్యే వాన వేర్వేరు జాతులు కాబట్టి సైటు వాటిని రెండు ఫైళ్లు చేసి, జిప్‌లో కట్టి పంపుతుంది. పేరు మార్చి విప్పితే లోపల రెండూ భేషుగ్గా ఉన్నాయి. మీకు వాన ఒక్కటే కావాలంటే ఒక్కటే అడగండి, ఈ గొడవ ఉండదు. పైగా 2024లో వచ్చిన కొత్త సైటు ఫైళ్లలో కాలం కొలత పేరు 'టైమ్' కాదు, 'వ్యాలిడ్ టైమ్'. ల్యాబులో చేతులు మారుతూ వస్తున్న పాత స్క్రిప్టులన్నీ అక్కడ ఆగిపోతాయి. ఒక్క పదం మారిస్తే నడుస్తాయి.

జనవరి ఆఖరుకి తెర మీద మొదటి మ్యాపు వచ్చింది. ఫిబ్రవరి మొదటి ఆదివారం చిన్నమ్మ వాళ్లింటికి ల్యాప్‌టాప్ పట్టుకెళ్లాను. శీర్షికలో ఫైలులో ఉన్నట్టే '2020 అక్టోబరు 14' అని ఉంది. చిన్నమ్మ కళ్లజోడు సర్దుకుని చూసి, "నీళ్లొచ్చింది మంగళారం రాత్రి గదనే బిడ్డా. నువ్వు బుధారం అని రాసినవేంది?" అంది.

అక్టోబరు 13 మంగళవారమే. చిన్నమ్మ చెప్పిందీ నిజం, ఫైలులో తేదీ కూడా నిజం. వాతావరణ శాఖ లెక్కలో 14వ తేదీ వాన అంటే, 13 పొద్దున ఎనిమిదిన్నర నుంచి 14 పొద్దున ఎనిమిదిన్నర దాకా పడ్డ వాన. అంటే ఆ ఏడాది ఫైలులో 288వ రోజు. 13 కదా అని 287వ రోజు గీస్తే, అది 13 పొద్దునకే ముగిసిపోతుంది. జనం మునిగిపోయిన రాత్రి ఆ మ్యాపులో ఉండనే ఉండదు. ఎరా5 కాలమేమో గ్రీనిచ్ లెక్క. మన ఎనిమిదిన్నర వాళ్లకి తెల్లవారుజామున మూడు. ప్రతి అంకె అంతకుముందు గంటలో పడ్డ వాన కాబట్టి, 13వ తేదీ నాలుగు గంటల అంకె నుంచి 14వ తేదీ మూడు గంటల అంకె దాకా ఇరవై నాలుగూ కూడాలి. అది కూడా మీటర్లలో ఉంటుంది, వెయ్యితో గుణిస్తేనే మిల్లీమీటర్లు. రెండు డేటాలూ ఒకే ఇరవై నాలుగు గంటలవి అయ్యాకే పక్కపక్కన పెట్టడానికి మనసొప్పింది. శీర్షిక కూడా మార్చాను: 'అక్టోబరు 13 ఉదయం 8.30 నుంచి 14 ఉదయం 8.30 వరకు కురిసిన వాన'. పొడవైంది, కానీ చిన్నమ్మ చూస్తే తన రాత్రి అందులో ఉందని తెలుస్తుంది.

తర్వాతి వారం సార్‌తో పెద్ద చర్చే నడిచింది. పాత స్క్రిప్టు పైథాన్‌లో బొమ్మలు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో రాసింది, అందులోని కాంటూర్‌ఎఫ్ అనే ఆదేశం వాడుతుంది. గడికీ గడికీ మధ్య రంగుని నున్నగా కలిపేస్తుంది. బొమ్మ చాలా అందంగా వస్తుంది, సార్‌కి అది నచ్చింది. నాకు మనసొప్పలేదు. పావు డిగ్రీ అంటే ఉత్తర దక్షిణాలుగా దాదాపు 28 కిలోమీటర్లు. తార్నాక, బేగంపేట ఒకే గడిలో ఉన్నాయి. చార్మినార్ దాని కింది గడిలోకి పోతుంది. ఘట్‌కేసర్ తూర్పు పక్క గడిలో. పై గడినీ కింది గడినీ విడదీసే గీత 17.375 డిగ్రీల అక్షాంశం మీద, నయాపూల్‌కి కూతవేటు దూరంలో, మూసీ పక్కనుంచే వెళ్తుంది. డేటాకి తెలిసింది అంతే. నున్నటి బొమ్మలో మాత్రం మలక్‌పేటకీ ఉప్పల్‌కీ మధ్య ఛాయ మెల్లగా ముదురుతూ కనిపిస్తుంది. ఎవరూ కొలవని తేడా అది. తమ బస్తీ ఎక్కడుందో వెతుక్కునే పిల్లలకి దాన్ని కొలిచిన నిజంలా చూపించడం నాకు తప్పనిపించింది. పీకలర్‌మెష్ అనే ఆదేశంతో గళ్లు గళ్లుగా గీసి, మీద చార్మినార్, బేగంపేట, ఘట్‌కేసర్ చుక్కలు పెట్టి సార్ ముందుంచాను. కాసేపు చూసి, "సరేనమ్మా, గళ్లే ఉంచు" అన్నారు.

గళ్లు గీసేటప్పుడు ఒకటి గమనించాలి. ఫైలులో ఇచ్చే అక్షాంశ రేఖాంశాలు గడి మధ్యబిందువువి. పాత పద్ధతి స్క్రిప్టులు వాటిని గడి మూలలుగా తీసుకుని, లెక్క సరిపోవడానికి చివరి వరసని వదిలేస్తాయి. అలా చేస్తే మ్యాపు మొత్తం ఉత్తరానికీ తూర్పుకీ అర గడి చొప్పున జరుగుతుంది, అంటే ఒక్కో వైపు దాదాపు పద్నాలుగు కిలోమీటర్లు. దేశం మొత్తం మ్యాపులో ఎవరూ పట్టుకోలేరు. ఒక్క నగరం గీస్తుంటే బేగంపేట వాన ఇంకో గడి లెక్కలోకి పోతుంది. పీకలర్‌మెష్‌లో షేడింగ్ అనే అమరిక దగ్గర 'నియరెస్ట్' అని ఇస్తే మధ్యబిందువు మధ్యలోనే ఉంటుంది.

రంగుల సంగతి త్వరగానే తేలింది. ఇంద్రధనుస్సు రంగుల పట్టీ వద్దనుకోవడానికి మా ల్యాబుమేటే కారణం. అతనికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. పాత మ్యాపు చూపిస్తే, వాన ఎక్కడ ఎక్కువో ఎక్కడ తక్కువో చెప్పలేకపోయాడు. లేత నీలం నుంచి ముదురు నీలం దాకా ఒకే రంగు తీసుకుని, వాతావరణ శాఖ వర్గాల దగ్గరే మెట్లు పెట్టాను: 64.5 మిల్లీమీటర్ల నుంచి భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. టీవీలో రోజూ వినే మాటలు కాబట్టి పిల్లలకి అంకెలు విడమరచి చెప్పే పని తప్పింది.

సరిహద్దులు మాత్రం సర్వే ఆఫ్ ఇండియా ఇచ్చే ఫైలు నుంచే తీసుకోండి, ముఖ్యంగా నలుగురు చూసే చోట పెట్టేటప్పుడు. సాఫ్ట్‌వేర్లతో పాటు వచ్చే ప్రపంచ పటాల్లో మన ఉత్తర సరిహద్దు మన దేశం చూపించే విధంగా ఉండదు. ఆ ఫైలు కూడా ఉచితమే. అందులో తెలంగాణని వెతికితే ఎంతకీ దొరకలేదు. జాబితా మొత్తం తెర మీదికి తెప్పించి చూస్తే, ఇంగ్లిష్ పేర్లలో దీర్ఘమైన 'ఆ' ఉన్న చోట > గుర్తు, దీర్ఘమైన 'ఈ' ఉన్న చోట | గుర్తు ఉన్నాయి. 'గా' దగ్గర ఆ గుర్తు పెట్టి వెతికితే దొరికింది. నేను దించుకున్న ఫైలులో కొలతలు డిగ్రీల్లో కాకుండా మీటర్లలో ఉన్నాయి. జియోపాండాస్ అనే పైథాన్ లైబ్రరీతో డిగ్రీల్లోకి మార్చే దాకా సరిహద్దు గీత మ్యాపు మీద కనబడనే లేదు.

ఇక తెలుగు. అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టిందీ, ఎక్కువ బాధపెట్టిందీ ఇదే.

మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో శీర్షిక తెలుగులో ఇవ్వగానే అక్షరాల బదులు వరసగా ఖాళీ డబ్బాలు వచ్చాయి. కింద హెచ్చరిక: గ్లిఫ్ 3125, తెలుగు అక్షరం 'వ', ఈ ఫాంటులో లేదు. అది మామూలుగా వాడే డేజావూ ఫాంటులో తెలుగు లేదు మరి. నోటో శాన్స్ తెలుగు వేశాను. అయినా డబ్బాలే. ఆ సాఫ్ట్‌వేర్ మొదట ఒకసారి కంప్యూటర్‌లోని ఫాంట్ల జాబితా రాసి దాచుకుంటుంది, తర్వాత వేసిన ఫాంటు ఆ జాబితాలో ఉండదు. దాచుకున్న ఫైలు చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాను. అక్షరాలొచ్చాయి. 'వాన' అని సరిగ్గా కనిపించగానే సంతోషంతో సార్‌కి ఫొటో పంపాను.

మరుక్షణం కింది వరస చూశాను. 'వర్షపాతం' కాస్తా 'వర్‌షపాతం' అయింది. 'మిల్లీమీటర్లు' కాస్తా 'మిల్‌లీమీటర్‌లు'. ఒత్తులన్నీ కిందికి దిగకుండా పక్కన వరసగా నిలబడ్డాయి. ఐత్వం రెండు ముక్కలై 'హై' చెదిరిపోయింది. ఫాంటు మార్చాను, మండలి వేశాను, అదే తీరు. లోపం ఫాంటుది కాదు. మా ల్యాబులో ఉన్న వెర్షన్ ఒక్కో అక్షరాన్ని విడిగా తీసి పక్కపక్కన పేర్చుతుంది. ఏ హల్లుకి ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో చూసే పని దాని చేతిలో లేదు. ఇంగ్లిష్‌కి ఆ అవసరం రాదు. మనకి ఆ పని లేకుండా ఒక్క వాక్యం కూడా నిలబడదు. నిజంగా చాలా కష్టమనిపించింది. పావు డిగ్రీ గడి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పూసగుచ్చినట్టు లెక్కగట్టి, చివరికి మా ఊరి పేరు సరిగ్గా రాయలేకపోతున్నాం. శీర్షికలు ఇంగ్లిష్‌లో పెట్టేద్దామని తోటివాళ్లు అన్నారు. పదం మార్చి ఒత్తులు రాకుండా రాయమని ఇంకొకరు సలహా ఇచ్చారు. 'వర్షపాతం' బదులు 'వాన' రాయొచ్చు సరే. 'అత్యంత', 'అక్టోబరు', 'హైదరాబాద్' ఏం చేస్తాం?

దారి దొరకడానికి వారం పైనే పట్టింది. పరిష్కారం ఇది: బొమ్మని చుక్కల బొమ్మ అయిన పీఎన్‌జీగా కాకుండా, గీతలూ అక్షరాలూ విడివిడిగా ఉండే ఎస్‌వీజీగా దాచాలి, దాచేముందు ఎస్‌వీజీ ఫాంట్‌టైప్ అనే అమరికకి 'నన్' అని ఇవ్వాలి. అప్పుడు అక్షరాలు గీతలుగా మారకుండా అక్షరాలుగానే ఫైలులో ఉంటాయి. ఆ ఫైలుని ఇంక్‌స్కేప్ అనే ఉచిత బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఒత్తులు కూర్చోబెట్టే పని అది చేస్తుంది. తెరవగానే 'వర్షపాతం'లో ర కింద ష ఒత్తు సరిగ్గా కుదురుకుని కనిపించింది. అంత ఆనందం థీసిస్ మొదటి అధ్యాయం ఒప్పుకున్నప్పుడు కూడా కలగలేదు. ఇంక్‌స్కేప్ వద్దనుకునేవాళ్లకి ఇంకో దారి ఉంది. సాదా గ్రాఫులకి గ్నూప్లాట్ అనే గ్రాఫుల సాఫ్ట్‌వేర్‌లో పీఎన్‌జీ కైరో టెర్మినల్ వాడితే తెలుగు నేరుగానే సరిగ్గా వస్తుంది. గంట గంటకీ పడ్డ వానని చూపే పట్టీల గ్రాఫు నేను దానితోనే గీశాను.

ఎస్‌వీజీ దారిలో రెండు చిన్న ఇబ్బందులున్నాయి. ఒత్తులు విడివిడిగా ఉన్నప్పటి పొడుగు లెక్కతో సాఫ్ట్‌వేర్ రంగుల సూచిక డబ్బా గీస్తుంది. ఒత్తులు సర్దుకున్నాక మాట పొట్టిదై డబ్బా వెడల్పుగా మిగులుతుంది. చేత్తో కుదించాలి. రెండోది, గళ్ల మధ్య సన్నటి తెల్ల గీతలు కనిపిస్తాయి. గళ్లని మాత్రం రాస్టరైజ్ చేయమని, అంటే చుక్కల బొమ్మగా మార్చమని చెబితే పోతాయి.

ఫిబ్రవరి 23న పీడీఎఫ్ పట్టుకుని కోఠి వైపు ఒక ప్రింటింగ్ షాపుకెళ్లాను. అక్కడి డిజైనర్ తన సాఫ్ట్‌వేర్‌లో తెరవగానే ఒత్తులు మళ్లీ ఊడిపోయాయి. "మేడమ్, గిది యూనికోడ్ ఉన్నది. అను ఫాంట్లల్ల ఉంటే పంపుండ్రి, మంచిగొస్తది" అన్నాడు. డీటీపీ వాళ్ల పని చాలావరకు ఇప్పటికీ అను ఫాంట్లలోనే నడుస్తుంది కాబట్టి అతను అడగడంలో న్యాయముంది. పోస్టరంతా మళ్లీ అనులో కొట్టడానికి టైము లేదు. హాస్టల్‌కి తిరిగొచ్చి, ఇంక్‌స్కేప్‌లో పీడీఎఫ్‌గా దాచేటప్పుడు టెక్స్ట్‌ని పాత్‌గా మార్చే ఎంపిక పెట్టాను. అప్పుడు అక్షరాలు వట్టి ఆకారాలైపోతాయి, ఏ కంప్యూటర్‌లో తెరిచినా కదలవు. తప్పులు దిద్దడానికి మాత్రం ఇక వీలుండదు, అందుకని మామూలు ఎస్‌వీజీని విడిగా ఉంచుకోవాలి. జాగ్రత్త కోసం 300 డీపీఐ పీఎన్‌జీ కూడా పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను.

మర్నాడు ఏ4 మీద ఒక ప్రూఫ్ తీయించాను, ఇరవై రూపాయలు. ఆ ఇరవై పెట్టడం మంచిదైంది. తెర మీద వేర్వేరుగా ఉన్న 'అతి భారీ', 'అత్యంత భారీ' నీలాలు కాగితం మీద దాదాపు ఒకటైపోయాయి. మెట్ల మధ్య ఛాయల తేడా పెంచి, ఇంకో ప్రూఫ్ చూశాకే అసలుది వేయించాను. మూడడుగులు బై నాలుగడుగుల వినైల్, సన్‌బోర్డ్ మీద అతికించి 1,100 రూపాయలు. తార్నాక దాకా ఆటో 180. డేటాకీ సాఫ్ట్‌వేర్లకీ పైసా ఖర్చు లేదు.

28న పిల్లలు మ్యాపు ముందు చేరి ముందు తమ ఇల్లు ఏ గడిలో ఉందో వెతుక్కున్నారు. అది చూసి గళ్ల కోసం వాదించినందుకు నాకు చాలా తృప్తి కలిగింది. చుక్కల పక్కన కొలత కేంద్రాల అంకెలు కూడా వేశాను: బేగంపేటలో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్ల పైన. మధ్యాహ్నం ఒక పెద్దాయన వచ్చి చాలాసేపు నిలబడ్డారు. ఆయనది ఘట్‌కేసర్. "అమ్మా, చుక్క కాడ ముప్పై రెండని రాసినవు, మా గడి రంగు జూస్తె అంత లేదు. రెండిట్ల ఏది నిజం?" అని అడిగారు. రెండూ నిజమేనని, గడిలోని అంకె చుట్టుపక్కల కేంద్రాల కొలతల నుంచి లెక్కగట్టి తీసినదని, చుక్క పక్కన ఉన్నది ఆ ఒక్క చోట సీసాలో పట్టినంత కచ్చితంగా కొలిచినదని చెప్పాను. ఆయన తలూపి, "మరి ఆ మాట కింద రాయాలె గద" అన్నారు.

ఆ సాయంత్రమే ఫైలులో చేర్చాను: 'గడి రంగు ఆ గడి మొత్తానికి లెక్కగట్టిన వాన; చుక్క పక్కన అంకె ఆ ఒక్క చోట కొలిచిన వాన.' డిపార్ట్‌మెంట్ వరండాలో ఇప్పుడున్న పోస్టరుకి ఆ వాక్యం విడిగా ప్రింటు తీసి, సూచిక కింద అతికించాం.